వెలివేస్తే ఎవరికి చెప్పుకోవాలి?

ఫోన్లో ఒకర్ని బ్లాక్ చేయాలంటే రెండు సెకన్లు చాలు. బ్లాక్ అయినవాడికీ పెద్ద నష్టమేం ఉండదు. ఇంకో నంబరు నుంచి ఫోన్ చేస్తాడు, లేదంటే వారం రోజులు బాధపడి మర్చిపోతాడు. అదే ఊరంతా కలిసి ఒక పేటని బ్లాక్ చేస్తే? కూలికి పిలుపు ఉండదు. ఏళ్ల తరబడి చేస్తున్న కౌలు పొలం ఈ ఏడు వేరేవాళ్లకి వెళ్లిపోతుంది. ఇంటి పనికి వెళ్లే ఆవిడతో "రేపట్నుంచి రావద్దు" అంటారు. దీనికి మన భాషలో పాత మాటే ఉంది, వెలి. వెలి అంటే బయట. ఊరికి బయట ఉన్నది వెలివాడ. 2016 జనవరిలో హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీ హాస్టల్ నుంచి బయటికి పంపిన ఐదుగురు విద్యార్థులు, రోహిత్ వేముల వాళ్లలో ఒకరు, క్యాంపస్‌లో వేసుకున్న శిబిరానికి పెట్టుకున్న పేరు కూడా వెలివాడే.

ఇదంతా బ్లాక్ అండ్ వైట్ సినిమాల నాటి సంగతి అనుకునేవాళ్ల కోసం ఒక ఊరి గురించి చెప్తాను. తాడేపల్లిగూడెం నుంచి పిప్పర మీదుగా భీమవరం వెళ్లే రోడ్డులో గరగపర్రు వస్తుంది. పాలకోడేరు మండలం. 2017 ఏప్రిల్లో అక్కడి దళితులు ఊరి మధ్య, వేరే నాయకుల విగ్రహాలున్న చోటే అంబేడ్కర్ విగ్రహం పెట్టారు. దాన్ని అక్కణ్నుంచి తీసేశారు. గొడవైంది. మే మొదటి వారం నుంచి తమని పనుల్లోకి పిలవడం మానేశారని, కౌలు పొలాలు లాక్కున్నారని దళితులు చెప్పారు. ఒకటీ రెండూ కాదు, వందల కుటుంబాలు. డెల్టాలో కౌళ్లు మాట్లాడుకునేది వేసవిలోనే, కాలవలకి నీళ్లొచ్చి సార్వా పనులు మొదలయ్యేది జూన్‌లో. అంటే ఏడాది తిండికి లెక్క తేలే రోజులవి.

విషయం బయట అందరికీ తెలిసేసరికి జూన్ నెలాఖరు వచ్చేసింది. ఆ తర్వాత టీవీ వ్యాన్లు, నాయకులు, మంత్రులు, సంఘాలు, కేసులు, అరెస్టులు అన్నీ వచ్చాయి. పిలుపు రాకపోవడాన్ని ఎవరూ ఫొటో తీయలేరు కదా, అందుకే అంత ఆలస్యం అనుకోవాలి. మే మొదటి వారానికీ జూన్ చివరికీ మధ్య ఏడెనిమిది వారాలున్నాయి. నేను ఇవాళ రాయాలనుకున్నది ఆ ఏడెనిమిది వారాల గురించే. ఎందుకంటే సరిగ్గా అలాంటి వారాల కోసమే మన దేశంలో ఢిల్లీ నుంచి జిల్లా కలెక్టరేట్ దాకా కమిషన్లు, కమిటీలు ఉన్నాయి. కాగితం మీద.

ముందు చట్టం సంగతి. ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం 1989లో వచ్చింది. 1985లో కారంచేడు జరిగాక, ఆ ఒత్తిడిలోంచి వచ్చిన చట్టం అది. అయితే సాంఘిక బహిష్కరణ, ఆర్థిక బహిష్కరణ అనే మాటలకి అందులో నేరుగా నిర్వచనం చేరింది 2015 సవరణతో, అది అమల్లోకి వచ్చింది 2016 జనవరి 26న. మామూలుగా అందరికీ చేసే పని వీళ్లకి చేయకపోవడం, వీళ్లతో పని చేయించుకోకపోవడం, వ్యాపారం చేయకపోవడం, మిగతావాళ్ల నుంచి వేరు చేసి ఉంచడం, ఇవన్నీ ఎస్సీ, ఎస్టీల మీద చేస్తే నేరం. బెదిరించినా నేరమే. బాధితులకి లక్ష రూపాయల సాయం ఇవ్వాలి, ఆగిపోయిన సేవలన్నీ మళ్లీ మొదలుపెట్టించాలి. దర్యాప్తు చేసేది డీఎస్పీ స్థాయికి తగ్గని అధికారి అయి ఉండాలి. గరగపర్రు నాటికి ఈ సెక్షన్ వచ్చి ఏడాదిన్నర కూడా కాలేదు.

చట్టం బాగానే ఉంది. మరి పోలీసు పట్టించుకోకపోతే? తహసీల్దారు "మీరూ మీరూ కూర్చుని మాట్లాడుకోండమ్మా" అని పంపేస్తే? అప్పుడు వెళ్లాల్సిన తలుపు పేరు కమిషన్.

జాతీయ ఎస్సీ కమిషన్ మామూలు సలహా సంఘం కాదు. రాజ్యాంగంలో 338వ అధికరణం కింద ఉన్న సంస్థ. ఒక చైర్మన్, ఒక వైస్ చైర్మన్, ముగ్గురు సభ్యులు. ఎస్టీలకి 338ఎ కింద ఇంకో కమిషన్, 2018 నుంచి బీసీలకి 338బి కింద మరొకటి. ఫిర్యాదు వస్తే విచారణ చేయొచ్చు. సివిల్ కోర్టులాగా సాక్షుల్ని పిలిపించొచ్చు, ఏ ఆఫీసు నుంచైనా ఫైలు తెప్పించుకోవచ్చు. కలెక్టరు, ఎస్పీ వచ్చి సమాధానం చెప్పాల్సిందే. ఎస్సీలకి సంబంధించిన ఏ పెద్ద విధానమైనా కేంద్రం, రాష్ట్రాలు ఈ కమిషన్‌ని సంప్రదించే చేయాలని కూడా రాజ్యాంగం చెప్తుంది.

వినడానికి చాలా బలంగా ఉంది కదా. ఇక్కడే ఒక మెలిక ఉంది. 1996లో ఇండియన్ ఓవర్సీస్ బ్యాంకు ఉద్యోగుల కేసులో సుప్రీంకోర్టు ఏమందంటే, సివిల్ కోర్టు అధికారాలు విచారణ వరకే, ఇంజంక్షన్ ఆర్డర్లిచ్చే అధికారం కమిషన్‌కి లేదు అని. నా ఉద్యోగ భాషలో చెప్పాలంటే రీడ్ యాక్సెస్ ఉంది, రైట్ యాక్సెస్ లేదు. ఏ ఫైలైనా తెరిచి చూడొచ్చు, తప్పు ఎక్కడుందో కామెంట్ పెట్టొచ్చు, మార్చాల్సింది మాత్రం అవతలివాళ్లే. మార్చకపోతే? ఏటా రాష్ట్రపతికి ఇచ్చే నివేదికలో రాయొచ్చు. ఆ నివేదికని ప్రభుత్వం పార్లమెంటు ముందు పెట్టాలి, ఏ సిఫార్సు ఎందుకు ఒప్పుకోలేదో కారణాలు కూడా రాసి మరీ. ఎన్నాళ్లలో పెట్టాలో మాత్రం ఆ అధికరణంలో గడువు లేదు. డెడ్‌లైన్ లేని టాస్కు బోర్డు మీద ఎక్కడ ఉంటుందో మా ఫీల్డులో ఎవర్నడిగినా చెప్తారు.

అయినా నేను ఈ అధికారం తక్కువైందని గొడవ చేయను. కామెంటుకి కూడా బలం ఉంటుంది, పెట్టేవాడు రోజూ పెడితే, పెట్టడానికి మనుషులుంటే. అసలు గొడవ ఆ "ఉంటే" దగ్గరే.

కొంచెం వెనక్కి వెళ్దాం. రాజ్యాంగం మొదట్లో కమిషన్ అనలేదు, ఒక ప్రత్యేక అధికారి ఉండాలంది. 1950 నవంబర్లో ఎల్.ఎం.శ్రీకాంత్ మొదటి ఎస్సీ, ఎస్టీ కమిషనర్ అయ్యారు. ఒక్క మనిషి దేశమంతా ఎలా తిరుగుతాడు? అందుకని రాష్ట్రాల్లో ఆఫీసులు పెట్టారు, అవి 17 దాకా అయ్యాయి. 1967లో ఆ 17 ఆఫీసుల్నీ కమిషనర్ కింద నుంచి తీసి, కొత్తగా పెట్టిన వెనుకబడిన తరగతుల సంక్షేమ డైరెక్టరేట్ జనరల్‌కి అప్పజెప్పారు. కమిషనర్ పదవి అలాగే ఉంది, రాజ్యాంగంలో అధికరణం అలాగే ఉంది. కాళ్లూ చేతులూ మాత్రం వేరే శాఖకి వెళ్లిపోయాయి. ఒక్క అక్షరం రాజ్యాంగం మార్చకుండానే ఒక రాజ్యాంగ సంస్థని ఎలా కుర్చీకి పరిమితం చేయొచ్చో చెప్పడానికి ఇంతకంటే మంచి ఉదాహరణ నాకు దొరకలేదు. 1978లో ఒకరికి బదులు కొందరు సభ్యులుండే కమిషన్ వేశారు, భోలా పాశ్వాన్ శాస్త్రి దానికి చైర్మన్. 1990లో 65వ సవరణతో దానికి రాజ్యాంగ హోదా వచ్చింది. 2004లో ఎస్సీలకి, ఎస్టీలకి వేర్వేరు కమిషన్లయ్యాయి.

ఇప్పుడు మనవైపు చూడండి. జాతీయ ఎస్సీ కమిషన్‌కి ఢిల్లీ బయట పన్నెండు రాష్ట్ర ఆఫీసులున్నాయి. ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రెండింటికీ కలిపి ఉన్నది హైదరాబాద్‌లో. కొల్లేటి లంకలో ఉండే మనిషి ముందు దోనె ఎక్కో రోడ్డు పట్టుకునో ఏలూరు రావాలి, ఏలూరులో రైలెక్కి హైదరాబాద్ వెళ్లాలి, అదీ కూలి మానుకుని. ఆన్‌లైన్ పోర్టల్ ఉంది, 2021 ఏప్రిల్ 14న మొదలుపెట్టారు. మంచిదే. ఆ పోర్టల్లో వచ్చి పడిన ఫిర్యాదుని చదివి, ఫోన్ చేసి, నోటీసు తయారు చేసేది మాత్రం ఆ ఆఫీసులో కూర్చున్న మనిషే. టికెట్లు తీసుకోవడం యాప్ చేస్తుంది, టికెట్ క్లోజ్ చేయడానికి మనిషి కావాలి.

కుర్చీల లెక్క ఇంకా వింతగా ఉంటుంది. పి.ఎల్.పునియా చైర్మన్ పదవీకాలం 2016 అక్టోబర్లో అయిపోయింది. తర్వాతి చైర్మన్ రామ్ శంకర్ కఠేరియా వచ్చింది 2017 మే నెలాఖర్లో. అంటే గరగపర్రులో పిలుపులు ఆగిపోయిన తొలి వారాల్లో ఢిల్లీలో ఆ కుర్చీలో ఎవరూ లేరు. కఠేరియా మూడేళ్లు 2020 మేలో పూర్తయ్యాయి. విజయ్ సాంప్లా వచ్చింది 2021 ఫిబ్రవరిలో. మధ్యలో తొమ్మిది నెలలు. ఆ తొమ్మిది నెలలూ ఎలాంటివి? కోవిడ్ నెలలు. ఎస్టీ కమిషన్‌లో 2023 జూన్‌లో హర్ష్ చౌహాన్ రాజీనామా చేస్తే, అంతర్ సింగ్ ఆర్య నియమితులయ్యేసరికి 2024 మార్చి. పదవీకాలం మూడేళ్లని నియామకం రోజే తెలుసు కదా, ఎప్పుడు ఖాళీ అవుతుందో క్యాలెండర్ చూస్తే చాలు కదా! ఏ చిన్న స్టార్టప్‌లోనైనా నోటీస్ పీరియడ్‌లోనే కొత్తవాళ్లని వెతుకుతారు. ఇక్కడ మాత్రం కుర్చీ ఖాళీ అయ్యాకే వెతుకులాట మొదలైనట్టు కనపడుతుంది.

ఖాళీల వల్ల ఏమవుతుందో నేను ఊహించి చెప్పక్కర్లేదు. 2022 మార్చిలో పార్లమెంటు స్థాయీ సంఘమే చెప్పింది. జాతీయ ఎస్టీ కమిషన్ నాలుగేళ్లుగా పార్లమెంటుకి ఒక్క నివేదిక కూడా ఇవ్వలేదని, 2021-22లో నాలుగుసార్లు మాత్రమే సమావేశమైందని, వచ్చిన ఫిర్యాదుల్లో సగం దాకా పెండింగ్‌లోనే ఉన్నాయని. కారణం ఏంటయ్యా అంటే సిబ్బంది లేరు, నిధులు తక్కువ. సిబ్బంది ఎందుకు లేరంటే అర్హతలు మరీ ఎక్కువగా పెట్టారట, దరఖాస్తులే రావట్లేదట. ఎంట్రీ లెవెల్ ఉద్యోగానికి ఐదేళ్ల అనుభవం అడిగే ప్రకటనలు చూసి మనం నవ్వుకుంటాం కదా, అచ్చం అదే.

ఖాళీ ఒక్కటే కాదు, కుర్చీలో ఎవరు అన్నది కూడా ఉంది. 2004 నియమాల ప్రకారం చైర్మన్ ఎస్సీ వర్గానికి చెందిన పేరున్న సామాజిక, రాజకీయ కార్యకర్త అయి ఉండాలి. ఆచరణలో ఎంపీలో మాజీ ఎంపీలో వస్తుంటారు. పునియా కాంగ్రెస్ ఎంపీ, కఠేరియా బీజేపీ ఎంపీ. వైస్ చైర్మన్‌గా ఉన్న ఎల్.మురుగన్ 2020 మార్చిలో తమిళనాడు బీజేపీ అధ్యక్షుడిగా వెళ్లిపోయారు. ఏ పార్టీ ఉన్నా ఇంతే. రాజకీయ నాయకుడైతే తప్పని కాదు, అలాంటివాళ్లు ఫోన్ చేస్తే కలెక్టరు ఎత్తుతాడు, అదీ ఒక లాభమే. కానీ ఆయన పార్టీయే ఆ రాష్ట్రాన్ని ఏలుతుంటే ఆ ఫోన్ అంతే గట్టిగా మోగుతుందా? ఇంకో రకం మనుషులూ ఉన్నారు. ఆంధ్రప్రదేశ్ క్యాడర్ ఐఏఎస్ అధికారి పి.ఎస్.కృష్ణన్ పేరు మనలో ఎంతమందికి తెలుసు? 1989 చట్టం వెనుకా, కమిషన్‌కి రాజ్యాంగ హోదా రావడం వెనుకా ఆయన పని చాలా ఉంది. అలాంటి ఫైలు తెలిసిన మనిషి ఒక్కడుంటే కమిషన్ రాసే ఉత్తరానికి బరువు వేరేలా ఉంటుంది.

బయటి దేశం సంగతి ఒక్క ముక్క. బ్రిటన్‌లో 1997లో టోనీ బ్లెయిర్ సోషల్ ఎక్స్‌క్లూజన్ యూనిట్ అని ఒకటి పెట్టాడు. చట్టం లేదు, కోర్టు అధికారాలు లేవు, క్యాబినెట్ ఆఫీసులో చిన్న బృందం. సివిల్ సర్వెంట్లతో పాటు బయట నుంచి క్షేత్రంలో పనిచేసినవాళ్లని కూడా తెచ్చుకుని కూర్చోబెట్టారు. నేరుగా ప్రధానికి చెప్పే వీలుంది కాబట్టి శాఖలు విన్నాయి. 2006లో దాన్ని తీసేసి టాస్క్‌ఫోర్స్ అన్నారు, 2010లో ప్రభుత్వం మారాక అదీ పోయింది. మనది దానికి తలకిందులు. మన కమిషన్‌ని మూసేయడం ఏ ప్రధాని వల్లా కాదు, రాజ్యాంగం సవరించాలి. కానీ ఖాళీగా ఉంచడానికి ఏ సవరణా అక్కర్లేదు.

రాష్ట్రానికి వద్దాం. మన దగ్గర అంటరానితనం, అత్యాచారాల మీద జస్టిస్ కె.పున్నయ్య ఏకసభ్య కమిషన్ పనిచేసింది. ఆ నివేదిక తర్వాత 2003లో రాష్ట్ర ఎస్సీ, ఎస్టీ కమిషన్ చట్టం వచ్చింది. తర్వాత రాష్ట్రంలోనూ రెండు వర్గాలకీ విడివిడి కమిషన్లయ్యాయి. ప్రభుత్వం మారినప్పుడల్లా నామినేటెడ్ పదవుల జాబితాలో కార్పొరేషన్ల పక్కన ఈ కమిషన్ పేరు కూడా కనపడుతుంది చూడండి, నాకు ఇబ్బంది అక్కడే. కార్పొరేషన్ చైర్మన్ ప్రభుత్వం తరఫున పనిచేస్తాడు. కమిషన్ చైర్మన్ ప్రభుత్వాన్ని అడగాల్సినవాడు. రెండూ ఒకే లిస్టులో పంచిపెట్టే పదవులైతే అడిగే నోరు ఎలా వస్తుంది?

ఇంతవరకూ చెప్పినవన్నీ దూరంగా ఉండేవి. ఢిల్లీ, హైదరాబాద్, విజయవాడ. మనకి దగ్గర్లో, కలెక్టరేట్లోనే ఒకటుంది, దాని గురించి ఇంజినీరింగ్ నాలుగేళ్లలో కాదు, ఆ తర్వాత కూడా ఎవరూ నాకు చెప్పలేదు. జిల్లా విజిలెన్స్ అండ్ మానిటరింగ్ కమిటీ. 1995 నియమాల్లో 17వ నియమం. కలెక్టరు చైర్మన్. సాంఘిక సంక్షేమ శాఖ జిల్లా అధికారి మెంబర్ సెక్రటరీ. ఎంపీలు, ఎమ్మెల్యేలు, ఎమ్మెల్సీలు, ఎస్పీ సభ్యులు. ఎస్సీ, ఎస్టీ వర్గాలకి చెందిన ముగ్గురు గెజిటెడ్ అధికారులు. ఇక అసలైనవి, ఐదుకి మించకుండా ఎస్సీ, ఎస్టీ అనధికార సభ్యులు, ముగ్గురికి మించకుండా ఇతర వర్గాల నుంచి స్వచ్ఛంద సంస్థల్లో పనిచేసేవాళ్లు. మూడు నెలలకి ఒకసారైనా కూర్చోవాలి. ఎన్ని కేసులొచ్చాయి, ఛార్జిషీట్లు పడ్డాయా, సాయం డబ్బులు అందాయా, అధికారులు ఏం చేస్తున్నారు, ఇవన్నీ చూడాలి. డివిజన్ స్థాయిలో ఇలాంటిదే ఇంకోటి. రాష్ట్ర స్థాయిలో ముఖ్యమంత్రే చైర్మన్, ఏటా జనవరిలో, జులైలో కూర్చోవాలని నియమంలోనే నెలలతో సహా రాసుంది.

ఆ ఐదు ప్లస్ మూడు కుర్చీల మీద నాకు చాలా ఆశ ఉంది. కలెక్టరు, ఎస్పీ బదిలీ మీద వచ్చి బదిలీ మీద పోతారు. ఎమ్మెల్యేకి ఊళ్లో రెండు పక్షాల ఓట్లూ కావాలి. ఫలానా ఊళ్లో మూడు రోజులుగా పేటలోవాళ్లని ఎవరూ నాట్లకి పిలవట్లేదట అన్న సంగతి ముందుగా చెవిన పడేది ఆ ఎనిమిది మందికే. ఊరి కబురు తెలిసినవాళ్లు, భయం లేనివాళ్లు, ఏ పార్టీకీ మొహమాటపడక్కర్లేనివాళ్లు అక్కడుంటే, ఎస్పీ ముందే లేచి నిలబడి అడగొచ్చు. ఫొటోలో చివరి వరసలో నిలబడేవాళ్లే ఉంటే, టీ, బిస్కెట్లు, మినిట్స్, అంతే. పేపర్ల జిల్లా పేజీలో "పెండింగ్ కేసులు త్వరగా పరిష్కరించండి" అని కలెక్టరు ఆదేశించినట్టు మూడు నెలలకోసారి ఒక చిన్న వార్త వస్తుంది, గమనించే ఉంటారు. ఆ వార్తలో అనధికార సభ్యులు ఏమడిగారో ఎప్పుడైనా రాశారేమో ఈసారి చూడండి.

ఇక్కడ ఇంకో లెక్క ఉంది. గరగపర్రు ఏడెనిమిది వారాల్లో విషయం. కమిటీ కూర్చోవాల్సింది మూడు నెలలకోసారి. అంటే రూలు తప్పకుండా నడిచినా, మధ్యలో ఒక్క సమావేశం కూడా పడకుండా మొత్తం వ్యవహారం అయిపోవచ్చు. అందుకే దీనికంటే కిందది కావాలి. అదీ ఉంది. మన రాష్ట్రంలో ప్రతి నెలా 30న ఏదో ఒక ఊళ్లో ఎస్సీ పేటలో తహసీల్దారు, ఎస్సై వెళ్లి పౌరహక్కుల దినం జరపాలి. టీ దుకాణంలో రెండు గ్లాసులున్నాయా, గుడిలోకి రానిస్తున్నారా, బోరింగు దగ్గర గొడవుందా, అక్కడే కనుక్కోవాలి. 2017లో మే 30 కూడా ఆ ఏడెనిమిది వారాల మధ్యలోనే వచ్చింది.

2022 ఏప్రిల్ 4న జిల్లాలు విడిపోయాక మనవైపు ఈ పటం మారింది. తాడేపల్లిగూడెం వాళ్లకి కలెక్టరేట్ ఏలూరు కాదు, భీమవరం. ఇదివరకు పని పడితే మచిలీపట్నం పోయే కైకలూరు, మండవల్లి, కలిదిండి వాళ్లు ఏలూరు జిల్లాలోకి వచ్చారు. కొత్త జిల్లా అంటే కొత్త ఆఫీసు బోర్డు, కొత్త కారు గుర్తొస్తాయి అందరికీ. కొత్త కమిటీ, అందులో కొత్తగా ఐదు ప్లస్ మూడు కుర్చీలు వచ్చాయన్నది ఎవరికీ గుర్తు రాదు.

కైకలూరు ఎత్తాను కాబట్టి కొల్లేరు గురించి చెప్పాలి, అక్కడ సమస్య వేరేలా ఉంటుంది. లంక గ్రామాల్లో ఎక్కువమంది వడ్డెలు, బీసీలు. చేపల చెరువుల్లో వాటాలు, సొసైటీలు, లీజులు, అన్నీ ఊరి పెద్దరికంతో ముడిపడి ఉంటాయి. పెద్దల మాట కాదన్న కుటుంబాన్ని వెలివేశారని, జరిమానా కట్టమన్నారని వార్తలు అప్పుడప్పుడూ వస్తూనే ఉంటాయి. వెలి అంటే అక్కడ పలకరింపు పోవడం ఒక్కటే కాదు, చెరువులో వాటా కూడా పోవచ్చు. 2006లో ఆపరేషన్ కొల్లేరు పేరుతో అభయారణ్యంలో చెరువుల గట్లు కొట్టేశాక అసలు వాటాలే తగ్గిపోయిన చోట అది చిన్న దెబ్బ కాదు. అయితే వెలివేసినవాళ్లూ బీసీలే, వెలికి గురైనవాళ్లూ బీసీలే. అత్యాచారాల నిరోధక చట్టం దీనికి వర్తించదు. కులం లోపలి వెలి మీద మహారాష్ట్ర 2016లో ప్రత్యేకంగా సాంఘిక బహిష్కరణ నిరోధక చట్టం చేసింది, మూడేళ్ల దాకా జైలు, లక్ష దాకా జరిమానా. మనకీ అలాంటి చట్టం అవసరమని నా అభిప్రాయం. బీసీ కమిషన్‌కి ఇప్పుడు ఫిర్యాదులు విచారించే అధికారం ఉంది, కానీ వెలిపడిన లంక కుటుంబానికి గుర్తొచ్చే మొదటి పేరు అది కాదు.

అదే చెరువుల గట్ల మీద కాపలాకీ, పట్టుబడికీ వచ్చి గుడిసెలు వేసుకునే యానాదుల సంగతి ఇంకా కిందది. ఎస్టీలు. చాలామందికి కుల ధ్రువీకరణ పత్రం ఉండదు, కొందరికి ఆధారే ఉండదు. వాళ్లని ఎవరూ ప్రత్యేకంగా వెలివేయక్కర్లేదు, ఏ జాబితాలోనూ లేకపోతే చాలు. ఎస్టీ అంటే అందరికీ ఏజెన్సీ, ఐటీడీఏ గుర్తొస్తాయి. ఏలూరు జిల్లాలో ఐటీడీఏ ఉంది, కె.ఆర్.పురంలో, మన్యం వైపు. కొల్లేటి గట్టు మీదున్న యానాది దానికి ఈ చివర. కమిటీలో ఆ ఐదు కుర్చీల్లో ఒకటి మైదాన ప్రాంత ఎస్టీలకి దక్కిందా లేదా అన్నది చిన్న ప్రశ్నలా కనపడుతుంది. అక్కడ ఒక యానాది మనిషి కూర్చుంటే, కలెక్టరు ఎదురుగా ఆధార్ క్యాంపు ఫలానా గట్టు మీద పెట్టండి అని ఊరి పేరు, చెరువు పేరుతో చెప్పగలడు.

మరి మన చేతిలో ఏముంది? ఫోనుంది. వెలి లాంటిది జరుగుతుంటే 14566కి ఫోన్ చేయొచ్చు, అత్యాచారాల మీద జాతీయ హెల్ప్‌లైన్ అది, 24 గంటలూ ఉంటుంది, డబ్బులు పడవు. జాతీయ కమిషన్ పోర్టల్లో ఫిర్యాదు పెట్టొచ్చు. కోర్టులో నడుస్తున్న విషయమైతే వాళ్లు తీసుకోరు, సంతకం లేకుండా పేరు లేకుండా పంపినా ప్రయోజనం ఉండదు. తేదీలు రాయండి. ఎప్పట్నుంచి పిలవట్లేదు, ఎవరెవర్ని, ఏ పొలం కౌలు పోయింది, పోలీస్ స్టేషన్‌కి ఏ రోజు వెళ్లారు. ఆవేశం రెండు పేజీలున్నా పక్కన పెట్టేస్తారు, తేదీలు నాలుగు లైన్లుంటే నోటీసు తయారవుతుంది.

ఏమీ జరగనప్పుడు చేయాల్సింది ఇంకోటుంది, నాకు అదే ముఖ్యం. సమాచార హక్కు కింద కలెక్టరేట్‌కి దరఖాస్తు. జిల్లా ఆఫీసుకి ఫీజు పది రూపాయలు, మండలానికి ఐదు, పంచాయతీకి లేనే లేదు. ముప్పై రోజుల్లో జవాబివ్వాలి. ఏలూరులోనో భీమవరంలోనో, మీ కలెక్టరేట్ ఏదైతే అది, విజిలెన్స్ అండ్ మానిటరింగ్ కమిటీలో ఇప్పుడున్న అనధికార సభ్యులెవరు, ఏ తేదీన నియమించారు, ఎన్ని కుర్చీలు ఖాళీ, గత ఏడాది ఏయే తేదీల్లో కూర్చున్నారు, ఎవరెవరు హాజరయ్యారు, మినిట్స్ కాపీ. గత ఆరు నెలల్లో మీ మండలంలో 30వ తేదీ ఏయే ఊళ్లకి వెళ్లారో తహసీల్దారుని అడగండి. వచ్చిన జవాబుని మీ ఊరి వాట్సాప్ గ్రూపులో పెట్టండి, పుట్టినరోజు శుభాకాంక్షల మధ్యలో. ఆ జాబితాలో పేరున్న సభ్యుడు అదే గ్రూపులో ఉండే అవకాశం చాలా ఎక్కువ.